మా కదలకండి బావ

మా బావని ఊళ్లో అందరూ 'కదలకండి' అనే పిలిచేవాళ్లు. అసలు పేరు స్టూడియో బోర్డు మీద ఉండేది గానీ, ఎండకి రంగు వెలిసిపోయాక దాన్ని చదివినవాళ్లెవరూ లేరు. బస్సులు ఆగే చోటికి ఎదురుగా, మేడ మెట్ల కింద సొరంగంలాంటి గది ఆ స్టూడియో. ముందు ఒక బల్ల, గోడకి అద్దం, అద్దం పక్కన దారంతో మేకుకి కట్టేసిన దువ్వెన. ఫోటో దిగి, దువ్వెన జేబులో వేసుకుని పోయేవాళ్లు ఎక్కువై అలా కట్టాడు. తెర వెనక ఒక స్టూలు, రెండు పెద్ద దీపాలు, వాటి మధ్య మా బావ. ఉద్యోగానికో, గుర్తింపు కార్డుకో, పెళ్లి సంబంధానికో ఫోటో కావాలని వచ్చినవాళ్లని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, భుజం కాస్త కిందికి దించి, వెనక్కి రెండడుగులు వేసి "కదలకండి" అనేవాడు. పాలు తాగే పసివాడికీ అదే మాట, పండు ముసలికీ అదే మాట. "కదలకుండా పడుకోవడానికి నాకింకా టైముంది బాబూ" అన్నాడట ఒక తాతగారు.

ఇంతమందిని కదలకుండా కూర్చోబెట్టిన మనిషి, తను మాత్రం చిన్న చప్పుడైతే చాలు గజం ఎత్తు ఎగిరిపడేవాడు. పక్కింట్లో కుక్కర్ కూసినా, వెనకాల ఎవరైనా తుమ్మినా, గాలికి తలుపు కొట్టుకున్నా అంతే. చేతిలో ఏముంటే అది జారవిడిచి, గుండె మీద చెయ్యేసుకుని, "ఏం లేదు, ఏం లేదు" అని తనకి తనే చెప్పుకునేవాడు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఎవరైనా చిటికేస్తే రెండు చేతులూ పైకెత్తి పట్టుబడ్డ దొంగలా లొంగిపోయేవాడని వాళ్లమ్మ చెప్పేది.

అలాంటి మనిషి వచ్చి వచ్చి మా ఇంట్లో పడ్డాడు. మాది బాణసంచా కాల్చేవాళ్ల ఇల్లు.

తయారీ మాది కాదు. ఫ్యాక్టరీ నుంచి సరుకు వచ్చేది. ఎక్కడ కొత్త కట్టడం ప్రారంభమైనా, ఎక్కడ ఆటల పోటీలు ముగిసినా, అక్కడికి వెళ్లి చీకటిపడగానే ఆకాశంలో కాల్చి రావడం మా వాళ్ల పని. నాన్న మేస్త్రీ. ఆయన కింద ఇద్దరు బాబాయిలు, మా అక్క. నేను నిప్పు దగ్గరికి వెళ్లే రకం కాదు. ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని, వాళ్లందరికీ దళసరి నూలు చొక్కాలు కుట్టేదాన్ని. నైలాను బట్ట మీద రవ్వ పడితే ఒంటికి అతుక్కుపోతుందని నాన్న దాన్ని గడప దాటనిచ్చేవాడు కాదు.

అక్క చేసే పని చెప్పాలి. గుండు అంటే కొబ్బరికాయంత కాగితపు ఉండ. లోపల మందు, రంగు గోళీలు. ఇసుకలో సగం దాకా పాతిన గొట్టాల్లో ఒక్కో గుండూ దింపి, దాని వత్తి బయటికి వేలాడదీసి ఉంచుతారు. అక్క చేతిలో పొడుగాటి కర్ర, దాని కొసన మంట. వంగి ఒక వత్తి అంటించాలి, మొహం పక్కకి తిప్పుకోవాలి, గుండు పైకి లేచేలోపు పక్క గొట్టం దగ్గరికి పరుగెత్తాలి. తల ఎత్తకూడదు. పైనుంచి రవ్వలూ కాలిన అట్టముక్కలూ వానలా రాలుతుంటాయి. గొట్టాల వరస చివరిదాకా వచ్చేసరికి పైన అంతా అయిపోయి, పొగ మాత్రం మిగిలేది. అందుకని, ఇన్నేళ్లుగా ఊరి ఆకాశాన్ని వెలిగిస్తున్న మా అక్క, ఒక్క గుండు పూయడం కూడా కళ్లారా చూడలేదు. ఆమెకి తెలిసిందల్లా ఇసుకే. ఇసుక ఎర్రబడితే ఎర్రది పేలినట్టు, పచ్చబడితే పచ్చది పేలినట్టు.

"ఊరంతా చూస్తుంది, నేను తప్ప" అనేది భోజనాల దగ్గర. "వండి పెట్టి పస్తున్నట్టుంది నా బతుకు."

"పస్తేమిటే, ముద్ద దిగుతూనే ఉందిగా" అనేవాడు నాన్న.

ఫోటోల గొడవ నాన్నతోనే మొదలైంది. కొత్తగా పని ఇచ్చేవాళ్లు ఏమేం కాలుస్తారో చూపించమనేవాళ్లు. నాన్న రెండు చేతులూ పైకి ఊపి, నోటితో 'సుయ్‌'మనిపించి, వేళ్లన్నీ విప్పి చూపించేవాడు. ఒకాయన అంతా ఓపిగ్గా చూసి, "మేస్త్రీ గారూ, మీరు గొడుగు తెరుస్తున్నట్టుంది తప్ప నాకేం అర్థం కాలేదు. ఫోటోలుంటే పట్టుకురండి" అన్నాడట. ఆ రోజు నాన్న మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. మర్నాడు అక్కా నేనూ స్టూడియోకి వెళ్లాం.

"రాత్రిపూట తియ్యాలి. కదిలేవాటిని తియ్యాలి. తియ్యగలరా?" అని అడిగింది అక్క.

"వెలుగుంటే చాలండీ, దేన్నైనా తీస్తాను" అన్నాడు. మాట కాస్త గొప్పగానే వచ్చింది.

"అవి మీ మాట వినవు. కదలకండి అంటే ఆగవు."

"ఆగనివాళ్లని చాలామందిని చూశానండీ నేను" అంటుండగానే బయట బస్సు హారను కొట్టింది. బావ ఎగిరిపడ్డాడు. చేతిలో ఉన్న ఫిల్ము డబ్బా బల్ల కిందికి దొర్లుకుంటూ పోయింది. అక్క నా వైపు చూసింది. నేను పైటకొంగు నోట్లో కుక్కుకున్నాను.

కొత్త వంతెన ప్రారంభం రోజు మొదటిసారి వచ్చాడు. జనానికి కాస్త ఎడంగా కెమెరా స్టాండు నిలబెట్టి, జుట్టు సర్దుకుని, పెళ్లికొడుకులా నిలబడ్డాడు. మొదటి గుండు పేలింది. బావ ఒకవైపు, స్టాండు ఒకవైపు పడ్డాయి. లేచి, స్టాండుని రెండు చేతులా మేకపిల్లని పట్టుకున్నట్టు వాటేసుకున్నాడు. గుండు పేలినప్పుడల్లా మేకపిల్లతో సహా ఎగిరాడు. చుట్టూ ఉన్న జనానికి ఆకాశం కంటే ఆయన్ని చూడటమే బాగుంది.

రెండు రోజుల తరవాత ఫోటోలు తెచ్చాడు. మా వరండాలో చాప మీద పరిచాడు.

"ఇది మొదటి గుండండీ."

అక్క చూసింది. "ఇది పాము."

"ఇది రెండోది."

"ఇది పాముపిల్ల."

"ఇది మాత్రం కొంచెం..."

"కోడి గీకినట్టుంది."

నేనూ అమ్మా పడీ పడీ నవ్వాం. బావ కూడా చెవులు ఎర్రబడుతుంటే నవ్వడానికి ప్రయత్నించాడు. అక్క నవ్వలేదు. ఫోటోలన్నీ దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కటే వెలుగుకి పట్టి చూసి, మళ్లీ దొంతర పెట్టింది. "అయితే ఇప్పుడు కూడా చూడలేదన్నమాట నేను" అంది మెల్లగా. ఎవరితోనూ అన్నమాట కాదది. కానీ బావ విన్నాడు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఈసారి పనికి మళ్లీ వస్తానండీ. మీరు పిలవకపోయినా వస్తాను" అని ఫోటోలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అన్నట్టే వచ్చాడు. చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు. లాభం లేకపోయింది. "చప్పుడు చెవుల్లోంచి కాదు, అరికాళ్లలోంచి వస్తోంది" అన్నాడు. ఇంకోసారి మందపాటి చెప్పులేసుకుని వచ్చాడు. అప్పుడు తెలిసిందేమిటంటే, ఆయన చప్పుడుకి ఎగరడం లేదు, చప్పుడు రాబోతోందని ఎగురుతున్నాడు. పైన వెలుగు కనపడగానే 'ఇదిగో వస్తోంది' అని ఒళ్లు ముందే లేచిపోతోంది. దానికి మందేముంది?

ఒకరోజు మా ఇంటికొచ్చి నా మిషను పక్కన కూర్చున్నాడు. కాలు కాలిన పిల్లిలా నాలుగు వీధులూ తిరిగి వచ్చినట్టున్నాడు.

"నేను కదలకుండా ఉండటం నావల్ల కాదు. కెమెరా కదలకుండా ఉంటే చాలు కదా, నేనెటు పోతే ఏం?" అన్నాడు.

"అదేదో మొదటే అనుకోవాల్సింది" అన్నాను.

ఆయన చెప్పిన కొలతకి దళసరి గుడ్డతో ఒక సంచి కుట్టాను. అందులో ఇసుక నింపి స్టాండు మధ్యలో వేలాడదీస్తే అది నేలకి పాతేసినట్టు నిలబడింది. బటను నొక్కడానికి పొడుగాటి కేబుల్ ఒకటి ఎక్కడో సంపాదించాడు. దాని కొస పట్టుకుని కెమెరాకి అయిదారడుగుల దూరంలో ఎంతైనా ఎగరొచ్చు. ఇక మిగిలింది నల్ల టోపీ. రాత్రిపూట కెమెరా కన్ను చాలాసేపు తెరిచే ఉంచాలట. పైన ఏదైనా పూస్తే దాని గీత ఫిల్ము మీద పడుతుంది. గుండుకీ గుండుకీ మధ్య మాత్రం పొగ, వీధి దీపాలు పడకుండా ఆ కంటిని మూసి ఉంచాలి. అందుకు లెన్సుకి తగలకుండా ముందు పట్టుకోవడానికి నల్ల మఖమలు గుడ్డతో లోతైన టోపీ కుట్టాను. అది పట్టుకునే పని కూడా నా మీదే పడింది. బావ "తియ్యి" అంటే తియ్యాలి, "మూయి" అంటే మూయాలి. నిప్పంటే భయపడి ఇంట్లో కూర్చున్నదాన్ని, అలా బయటికొచ్చాను.

ఆటల మైదానంలో పోటీలు ముగిసిన సాయంత్రం అది. తియ్యి, మూయి, తియ్యి, మూయి. మధ్యలో బావ గెంతులు. కెమెరా మాత్రం గుడిలో రాయిలా ఉంది.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. తల దువ్వుకోలేదు. ఆయన స్టూడియోలో దువ్వెన ఉంది కదా, అదీ గుర్తు లేదు. ఇంకా తడి ఆరని ఫోటో ఒకటి న్యూస్‌పేపరు మధ్య పెట్టుకుని, రెండు చేతుల మీద పళ్లెంలా మోసుకొచ్చాడు. అక్క పెరట్లో జుట్టులో ఇసుక దులుపుకుంటోంది. చేతులు తుడుచుకుని ఫోటో అందుకుంది.

నల్లటి ఆకాశం నిండా అయిదు పూలు. ఒక్కో రేకా సూదితో గీసినట్టు. మైదానం దీపాల స్తంభాలు వాటి కింద అగ్గిపుల్లల్లా ఉన్నాయి.

అక్క తన అరచేతులు రెండూ గిన్నెలా దగ్గర పెట్టి చూసుకుంది. గుండుని గొట్టంలో దించేటప్పుడు అలాగే పట్టుకుంటుంది.

"ఇంత పెద్దదా?" అంది. "నేను ఇంతే అనుకున్నానండీ. నా చేతుల్లో ఎంత ఉందో అంతకి కాస్త ఎక్కువ పూస్తుందేమో అనుకున్నాను. ఇది ఊరంత ఉంది."

బావ ఫోటో మీద వేలు పెట్టి చూపించాడు. "కింద కూడా చూడండి" అన్నాడు.

ఫోటో అడుగున, నేలని ఆనుకుని, సన్నటి ఎర్ర గీత ఒకటి ఉంది. కొంచెం దూరం వెళ్లి ఒక చుక్క, మళ్లీ కొంచెం దూరం, మళ్లీ చుక్క. నేను రోజూ వేసే పరుగు కుట్టులాగే ఉంది.

"ఇదేమిటి, గీత పడిందా ఫోటో మీద?" అంది అక్క.

"గీత కాదండీ. మీరు. మీ చేతిలో కర్ర మంట. వంగినచోట చుక్క, పరుగెత్తినచోట గీత. చెరిపెయ్యొచ్చు గానీ, చెరపబుద్ధి కాలేదు."

అక్క ఫోటోని పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆయనకి మంచినీళ్లిచ్చే మర్యాద కూడా నాకే వదిలేసింది. నాకు అప్పుడే అర్థమైంది, ఇక ఈయన్ని ఫోటోగ్రాఫర్ గారూ అని ఎక్కువ రోజులు పిలవక్కర్లేదని.

కానీ ఆయన నోరు విప్పితేగా! ప్రతి ప్రదర్శనకీ వచ్చేవాడు, ఫోటోలు ఇచ్చేవాడు, ఎండ గురించీ వాన గురించీ మాట్లాడి వెళ్లిపోయేవాడు. చూసి చూసి అక్క ఒక మధ్యాహ్నం ఉతికిన చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్లింది. ఫోటో తియ్యమంది. స్టూలు మీద కూర్చుంది. ఆయన గడ్డం పైకెత్తమని చెప్పడానికి కూడా మొహమాటపడి, దూరంనుంచే గాల్లో వేలితో చూపించి, కెమెరా వెనక దాక్కుని, అలవాటు చొప్పున "కదలకండి" అన్నాడు.

"నేను కదలనండీ" అంది అక్క. "మీరే కదలాలి. మా నాన్న దగ్గరికి."

ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అందులో అక్క నవ్వు ఆపుకుంటోంది. ఫోటో మాత్రం కొంచెం ఊగింది.

వాళ్లమ్మని తీసుకుని బావ మా ఇంటికి వచ్చిన రోజు అంతా సవ్యంగానే జరుగుతోంది. నాన్న కుర్చీలో, బావ ఎదురుగా, చేతిలో టీ కప్పు. వంటింట్లో కుక్కర్ కూసింది. ఆ టీ మొత్తం నాన్న చొక్కా మీదికి వెళ్లింది.

"కుక్కర్ ముందే దించేయాల్సింది" అని అమ్మ తల కొట్టుకుంది.

వాళ్లు వెళ్లాక నాన్న చొక్కా మార్చుకుని వచ్చి కూర్చున్నాడు. "మనిషి మంచివాడే. కాదనను. కానీ ఇది టపాకాయల ఇల్లు. కుక్కర్‌కే ఇలా అయితే మన మధ్య ఎలా బతుకుతాడమ్మా? నీకేమైనా అయితే ఆ మనిషి నిన్ను వదిలి పారిపోతాడు. నాకు ఇష్టం లేదు" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే అక్కకి ఎదురు చెప్పడానికి వీల్లేకపోయింది. మింగలేకా కక్కలేకా ఉండిపోయింది.

ఆ తరవాతి పని చెరువు గట్టు మీద. నాన్న మాట అప్పటికే తెలిసిన బావ, వచ్చి నేరుగా స్టాండు నిలబెట్టుకున్నాడు. నేను టోపీ పట్టుకుని నిలబడ్డాను. సగం దాకా బాగానే నడిచింది. ఒడ్డు ఇసుక లోపల తడిగా ఉండి ఒక గొట్టం పక్కకి ఒరిగింది. గుండు పైకి లేవకుండా అక్కడే, నేల మీదే పేలింది. ఒక్కసారిగా గట్టంతా ఎర్రగా అయిపోయి, పొగ కమ్మేసింది. జనం అరుస్తూ వెనక్కి పరుగెత్తారు. బాబాయిలు ఇద్దరూ పద్ధతి ప్రకారం నేలకి కరుచుకున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే కేబుల్ నేల మీద పడి ఉంది, బావ లేడు.

ఆయన పొగలోకి పరుగెత్తుతున్నాడు. ఒకటి కాదు, పక్కన ఇంకా గుండ్లు పేలుతూనే ఉన్నాయి. పేలినప్పుడల్లా ఎగురుతూనే, పడబోతూనే, మళ్లీ లేచి అటే పరుగెత్తాడు. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు కాలికి తగిలింది. నిప్పు పుడితే ఆర్పడానికి పెట్టిన నీళ్ల తొట్టిలో తలకిందులుగా పడ్డాడు.

అక్క అప్పటికే ఇసుక బస్తాల వెనక బోర్లా పడుకుని ఉంది. చొక్కా చెయ్యి ఒకటి కాలింది, చెవులు గింగురుమంటున్నాయి, అంతకి మించి ఏం కాలేదు. దబ్బుమన్న చప్పుడుకి తలెత్తింది.

"ఎవరది?"

"నేనేనండీ."

"మీరెందుకొచ్చారు ఇక్కడికి?"

"మీకేమైనా..."

"నాకేం కాలేదు. ముందు మీరు తొట్టిలోంచి లేవండి. ఆ నీళ్లు నిప్పు కోసం పెట్టాం, మీ కోసం కాదు" అని తిడుతూనే చెయ్యందించింది. ఇద్దరూ పొగలోంచి బయటికి వస్తుంటే అక్కే ఆయన్ని నడిపించుకొస్తోంది.

ఆ రాత్రి నాన్న అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. చివరికి, "పిరికివాడే" అన్నాడు. "అందులో మార్పు లేదు. కానీ ఎటువైపు పరుగెత్తాడో చూశాను." అక్క వైపు తిరిగి, "వాళ్లమ్మగారికి కబురు పెట్టు. ఈసారి టీ వద్దు, మజ్జిగ ఇద్దాం. కాలకుండా ఉంటుంది" అన్నాడు.

పెళ్లికి ఒక్క టపాకాయ కాల్చలేదు. ఊళ్లో అందరి వేడుకలకీ కాల్చే మేస్త్రీ సొంత కూతురి పెళ్లి మౌనవ్రతంలా చేశాడని వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నాన్న పట్టించుకోలేదు.

పెళ్లయ్యాక కూడా అక్క ఆయన్ని 'మీరు' అనే పిలిచేది. కోపమొస్తే మాత్రం 'నువ్వు' అయ్యేది. అందుకని వీధిలోంచే తెలిసిపోయేది మాకు, లోపల వాతావరణం ఎలా ఉందో.

అక్కకి నెల తప్పింది. నాన్న ఆమెని గొట్టాల దగ్గరికి రానివ్వనన్నాడు. ఆమె చోటులో చిన్న బాబాయి కర్ర పట్టాడు. "అయితే కూర్చుని చూస్తాను, అదైనా దక్కుతుంది" అంది అక్క. బావ సంబరం చూడాలి! ఇంట్లోంచి కుర్చీ మోసుకొచ్చాడు. తుడిచిన కుర్చీనే మళ్లీ తుడిచాడు. వెనక దిండు పెట్టాడు. "చూడు, నీకే తెలుస్తుంది" అని ఊరించాడు. అన్నేళ్ల తరవాత మా అక్క మొదటిసారి తలెత్తి కూర్చుంది.

మొదటి గుండు లేచింది. పూసింది. పోయింది.

"అయిపోయిందా?" అంది అక్క.

"అయిపోయింది. ఇంకోటి వస్తుంది."

ఇంకోటి వచ్చింది. అదీ పోయింది. జనం ఓహో అంటున్నారు. అక్క మాత్రం దుకాణంలో మోసపోయినదానిలా చూస్తోంది. సగంలో లేచి, "ఇంతేనా?" అని, చీర కుచ్చెళ్లు పట్టుకుని ఇంటికి బయల్దేరింది.

నేను వెళ్లేసరికి ఇంట్లో 'నువ్వు' నడుస్తోంది.

"నువ్వు నాకు అబద్ధాలు చూపించావు. నీ ఫోటోలో అయిదు పూలు పక్కపక్కన తోటలా నిలబడి ఉంటాయి. అక్కడ ఒక్కటి కూడా నిలబడలేదు. రెప్ప వేసేలోపు పోయింది."

"అబద్ధం కాదు. కెమెరా కన్ను తెరిచే ఉంచితే ఒకదాని పక్కన ఒకటి పడతాయి. అన్నీ నిజంగా పేలినవే."

"ఒకేసారి పేలాయా?"

"లేదు."

"అంతసేపు ఉన్నాయా?"

"లేదు."

"మరి?"

బావ నన్ను చూశాడు. నేను టోపీ పట్టుకునేదాన్నే కదా, నేనేం చెప్పను? నాలుగు రోజులు వాళ్లిద్దరి మధ్యా కబుర్లు నేనే మోశాను. "మీ బావని భోంచెయ్యమను." "మీ అక్కని మందులేసుకోమను." ఒకే గదిలో కూర్చుని! నా తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగో రోజు అక్క నా దగ్గర కూర్చుని అసలు సంగతి చెప్పింది. "ఆయన మీద కోపం కాదే. ఇన్నేళ్లూ నేను వెలిగించినవన్నీ ఆ ఫోటోలోలా పైన నిలబడి ఉండేవి అనుకున్నాను. నేను చూడకపోయినా అవి అక్కడ ఉన్నాయిలే అని. అంత తొందరగా పోతాయని నాకు ఎవరూ చెప్పలేదు." కళ్లు తుడుచుకుంది.

నేనే బలవంతాన ఇంకోసారి లాక్కెళ్లాను. ఈసారి దిండూ లేదు, ఊరింపూ లేదు. బావ దూరంగా, బిక్కుబిక్కుమంటూ కేబుల్ పట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో నాన్న బంగారు రంగు గుండు ఒకటి వేయించాడు. అది పూసి వెంటనే పోయే రకం కాదు. పూసిన రేకులన్నీ వంగి, సన్నటి జల్లులా మెల్లగా కిందికి దిగుతాయి. చప్పుడు అప్పటికే అయిపోయింది. జనం అరుపులూ అయిపోయాయి. అందరూ తలలెత్తి, అది చీకట్లో కలిసేదాకా ఊపిరి తీయకుండా చూస్తున్నారు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "పోతున్నప్పుడు బాగుందే" అంది. "ఈయన ఫోటోల్లో అది లేదు."

ఇంటికి వెళ్తూ ఆ మాట ఆయనకే చెప్పింది. "పూయడం తీశారు మీరు. పోవడం తియ్యండి." 'మీరు' అన్నది విని బావ దారిలోనే ఆగిపోయాడు.

అప్పట్నుంచి ఆయనకి అదే ధ్యాస. "తియ్యి" అనే మాట ఆలస్యంగా అనడం మొదలుపెట్టాడు. గుండు పేలాక, వెలుగంతా చెదిరాక, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నన్ను టోపీ తియ్యమనేవాడు. ఫిల్ములో చాలావరకు చీకటే పడేది. ఎప్పుడో ఒకసారి నాలుగు బంగారు పోగులు, వాటి చివర్లు ఎక్కడ ఆగాయో తెలియకుండా. అలాంటి ఫోటో ఒకటి చూసి పని ఇచ్చేవాడొకడు, "ఇదేంటి, గోడ మీద నీళ్లు కారినట్టుంది?" అన్నాడు. పని ఇచ్చేవాళ్లకి బావ పాతవే ఇచ్చేవాడు, ఆకాశం నిండా అయిదేసి పూలు ఉన్నవి. ఇంటి గోడకి మాత్రం రాలిపోతున్నవి తగిలించాడు. వాటిని చూడటానికి వచ్చినవాళ్లు మొదట ఏమీ లేదనుకునేవాళ్లు. తరవాత దగ్గరికి వెళ్లేవాళ్లు.

ఆడపిల్ల పుట్టింది. తల్లి పోలిక. పక్కన గుండు పేలినా ఒళ్లో నిద్రపోయేది. అక్క మళ్లీ కర్ర పట్టింది. నాన్న పెద్దవాడై, కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేసి, ఒక చలికాలంలో నిద్రలోనే వెళ్లిపోయాడు. ఆ తరవాత అక్కే మేస్త్రీ అయింది. కర్రలు పోయి కరెంటు పెట్టెలు వచ్చాయి. దూరంగా కూర్చుని మీటలు నొక్కితే చాలు. మొదటి రోజు అక్క ఒక మీట నొక్కి, తలెత్తి చూస్తూ, రెండోది నొక్కడం మర్చిపోయింది. ఆకాశం ఖాళీగా ఉండిపోయింది. కావాలనే ఆపారనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"మేస్త్రీ గారూ, మీట!" అని బావ కేకేశాడు.

"ఉండండి, అది ఇంకా పోలేదు" అంది అక్క.

ఇప్పుడు ఆ పనంతా పెద్ద కంపెనీలు చూసుకుంటున్నాయి. బాబాయిలు మానేశారు. గొట్టాలు ఎవరికో ఇచ్చేశాం. స్టూడియోలో వాళ్ల అమ్మాయి కూర్చుంటోంది. దాని కెమెరాకి ఫిల్మూ లేదు, చీకటిగదీ లేదు. బావకి మోకాళ్ల నొప్పులు. ఇక కెమెరా అటక ఎక్కుతుందనుకున్నాను.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. కరెంటు పోయింది. కిందెవరూ లేరు. మేడ వరండాలోంచి మాటలు వినిపిస్తే పైకి వెళ్లాను. పాత స్టాండు మీద పాత కెమెరా, దాని ఎదురుగా నల్లగా కమ్ముకున్న ఆకాశం. బావ పంచె మోకాళ్లదాకా తడిసింది. అక్క గొడుగు పట్టుకుని నిలబడింది. ఆ గొడుగు బావ మీద లేదు, తన మీదా లేదు, కెమెరా మీద ఉంది.

"ఏం చేస్తున్నారు ఇద్దరూ?"

"మెరుపుని పట్టుకుంటాడట మీ బావ" అంది అక్క. "గంటనుంచి ఇదే పని. ఇప్పటిదాకా పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు మాత్రం బ్రహ్మాండంగా పడి ఉంటుంది."

"ఎటునుంచి వస్తుందో తెలియదు మరదలా, ఎప్పుడొస్తుందో తెలియదు" అన్నాడు బావ. చిన్నపిల్లాడికి కొత్త బొమ్మ దొరికినట్టుంది ఆ గొంతు. "మీ నాన్నైతే గుండు వేయించే ముందే కేకేసి చెప్పేవాడు. ఆ పైనున్నవాడెవడో ఒక్క మాట చెప్పడు."

"వానలో ఈ వయసులో ఇదేం సరదా బావా, లోపలికి రండి."

"చెప్పు, నువ్వైనా చెప్పు" అంది అక్క. గొడుగు మాత్రం అంగుళం కూడా పక్కకి జరపలేదు. తూర్పు వైపు మబ్బు వెనక ఏదో తెల్లగా కదిలింది. ఇద్దరూ ఒకేసారి అటు తిరిగారు.

"అన్నం పొయ్యి పక్కన మూత పెట్టి ఉంచాను. నువ్వు తినెయ్యవే" అంది అక్క, నా వైపు చూడకుండానే. "మేం ఈ ఒక్కటీ చూసుకుని వస్తాం."